దారికి రాని జుట్టు
రోటర్‌డామ్‌లో ఉండే జొవిటా తల్లి డచ్చి మనిషి, తండ్రి ఆఫ్రికా తీరంలోని కేప్ వర్దీ దీవుల నుంచి వచ్చిన ఓడ సరంగు. ఆమె ఉంగరాల జుట్టులో ఇద్దరి పోలికా ఉంది. "జుట్టును దారికి తెస్తుంది" అని సీసాల మీద రాసి అమ్మే మహానుభావులను నమ్మి, ఏళ్ల తరబడి తలను ఎండుగడ్డి చేసుకుంది.

ఒకరోజు పేరున్న సెలూన్‌లో తలంటాక, యజమానురాలు, "అబ్బో, మొండి జుట్టండీ మీది! స్ట్రెయిట్ చేయించేస్తే పోతుంది," అంది.

"మీకు చేతకాకపోతే నా జుట్టు మొండిదా?" అని జొవిటా తడితలతోనే లేచి వచ్చేసింది.

మేనత్త బిబియానా ఆమెను చూసి నవ్వింది. "పిచ్చిదానా, నురుగు తక్కువొచ్చే షాంపూ కొనుక్కో. తడి మీదే చిక్కటి కండిషనర్ రాసి, వేళ్లతో చిక్కు తీసుకోవే."

కొన్నాళ్లకు ఉంగరాలు నిగనిగలాడాయి. ఆ సెలూన్ మాత్రం అన్ని రకాల జుట్టూ తమకు తెలుసని ఇప్పటికీ గొప్పలు పోతోంది. వాళ్లకు తెలిసినవి రెండే రకాలు: తిన్నగా ఉన్నది, తిన్నగా చేయాల్సినది.