గుట్ట నడుమ మూడు ముక్కలు

నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్ వాసన తగిలితే ఈనాటికీ నాకు ముందు విసుగే వస్తుంది. మెరుగుపెట్టిన ఉక్కు ముక్కను అందులో ముంచితే దాని లోపలి అల్లిక మైక్రోస్కోపులో బయటపడుతుంది. ఇవాళ ల్యాబులో ఎవరో ఆ సీసా మూత తీశారు. విసుగు వెనకాలే సింహాచలం గారూ గుర్తొచ్చారు.

ఖరగ్‌పూర్‌లో నేను పరిశోధన చేసిన రోజుల్లో మా కొలిమి చూసుకున్నది ఆయనే. రైల్వే వర్క్‌షాపులో ఇనుము కాల్చి సాగగొట్టి రిటైరై, ట్రాఫిక్ అనే రైల్వే పేట నుంచి సైకిలు మీద వచ్చేవారు. అందరికీ దాదా, తెలుగువాణ్ణి కనుక నాకు బాబాయ్. ఆ చుట్టరికంతో నాకు ఒరిగిందల్లా చీవాట్లు మాతృభాషలో దొరకడమే.

ఎర్రగా కాల్చి సుత్తిదెబ్బలతో మలిచే గట్టి ఉక్కు, చల్లారే వేగాన్నిబట్టి లోపల ఎలా మారుతుందన్నది నా థీసిస్. చల్లార్చడం గురించి రాస్తూ నేను మాత్రం ఎప్పుడూ సలసల కాగుతుండేవాణ్ణి. ఆయన నిదానం చూస్తే మరీను. కొలిమిలోంచి తీసిన ఏ నంబరు ముక్క ఎక్కడ పడిందో ప్రతిసారీ డైరీలో బొమ్మ గీసేవారు. వర్క్‌షాపు అలవాటట. ముగ్గులు తర్వాత వేద్దురుగాని బాబాయ్ అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

గడువు నెల ఉందనగా పన్నెండు ముక్కలు కాల్చి గాలికి చల్లార్చాను. తొమ్మిదింటిలో సూదులు పేర్చినట్టు సన్నని అల్లిక, కావలసినంత గట్టిదనం. మూడింటిలో మాత్రం తెల్లని గింజలు, నల్లని మచ్చలు. అవి మెత్తబడ్డాయి. ఒకే కడ్డీ, ఒకే కొలిమి, ఒకే రోజు. కొలిమిని అనుమానించాను, కడ్డీ పంపినవాళ్లను అనుమానించాను, చివరికి బాబాయినీ వదల్లేదు. ఆ మూడూ లేవనుకుంటే థీసిస్ గడువులో అందుతుంది. వాటిని చెత్తడబ్బాలో వేయబోతుంటే ఆయన డైరీ తెచ్చి తెరిచారు.

"ఇవేటి తప్పు సేసినాయి బాబూ?"

పాడైపోయాయన్నాను.

"పాడవలేదు. కేంటీను మూసేస్తారని ఆ రోజు నువ్వే అన్నీ గుట్టగా పోసినావు. ఇవి నడుమ పడినాయి. సుట్టూ ఎర్రటి ముక్కలుంటే గాలెలా తగులుతాది? నెమ్మదిగా సల్లారినాయి. ఇవి నిజమే సెప్తన్నాయి. నీ కాయితమే అబద్ధం."

బొమ్మలో గుట్ట నడుమ సరిగ్గా ఆ మూడు నంబర్లే ఉన్నాయి. నా ప్రయోగం కాగితంలో చల్లార్చడం గురించి ఉన్నది ఒక్క ముక్క: గాలిలో చల్లార్చబడినవి. చల్లార్చిన మహానుభావుడు ఆ 'బడి'లో హాయిగా దాక్కున్నాడు.

గడువు పొడిగించమని మా గైడ్‌గారికి అర్జీ పెట్టుకున్నాను. కారణం కేంటీను సంగతితో సహా రాశాను. ఆయన మొహం చిట్లించి సంతకం పెట్టారు. మిగిలిన జానెడు కడ్డీని కోసి, సగం ముక్కలను ఎడంగా పేర్చాం, సగం కావాలనే గుట్ట పోశాం. నడుమవి మళ్లీ మెత్తబడ్డాయి. థీసిస్‌కు ఒక అధ్యాయం పెరిగింది, నాకు ఆరు నెలల ఆలస్యం. బాబాయ్ మాత్రం ఠీక్ హై అని సైకిలెక్కేశారు.

నాకు నిదానం ఇప్పటికీ అబ్బలేదు. కాని ఒక ఫలితం అడ్డం తిరిగితే, దాన్ని కొట్టేసేముందు ఆ రోజు నేను ఏ తొందరలో ఉన్నానో ముందు రాసుకుంటాను. చాలాసార్లు ఉక్కును అడగవలసిన పని పడదు.