అట్టముక్క మీద కొట్టుకున్న గుండె

మార్కెట్ యార్డులో పసుపు కుప్పలు పోసే రోజులు వచ్చాయంటే ఆ ఘాటు మా గల్లీ దాకా కొడుతుంది. అది ముక్కుకు తగలగానే నాకు సునీత మేడం తుమ్ములు వినిపిస్తాయి. ఆర్మూరులో ఉద్యోగం చేస్తూ పసుపు దుమ్ము పడని మనిషి ఆమె. ఆడపిల్లల బడిలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే సైన్సు చెప్పేది. నేను ఆ బడిలో మధ్యాహ్నం అన్నం వండేదాన్ని, ఇంటికొచ్చి బీడీలు చుట్టేదాన్ని.

సెల్‌ఫోన్లకు ఇంకా మీటలుండే ఆ కాలంలో మేడం ఏదో ట్రైనింగుకు పోయి, చిన్న కెమెరా ఒకటి తెచ్చి బడి కంప్యూటర్‌కు తగిలించింది. నల్లటి చదరం గీసిన అట్టముక్కను దాని ముందు పట్టుకుంటే తెర మీద మన చెయ్యి కనిపించేది, ఆ తెరలోనే చేతిలోని అట్ట మీద గుండె బొమ్మ లేచి కొట్టుకునేది. అట్ట తిప్పితే గుండె కూడా తిరిగేది. పిల్లలు "నాకు మేడం, నాకు" అని మీద పడేవాళ్లు.

ఆ సంవత్సరమే ఎనిమిదో తరగతి చదివే నా బిడ్డ మమత గుండెలో బొక్క ఉందని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. ఆపరేషన్‌కు సంతకం పెట్టమంటే పెట్టకుండా పిల్లను తీసుకుని బస్సెక్కి వచ్చేశాను. ఇంట్లో అందరూ భయపడకు అన్నవాళ్లే. మేడం ఆ మాట అనలేదు. గిన్నెలు తోముతున్న నన్ను లేపి కంప్యూటర్ గదికి తీసుకుపోయింది.

"పట్టుకో యశోదక్కా."

బీడీల కోసం తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించేటప్పుడు అది కదలకుండా బొటనవేలితో అదిమి పట్టడం నా చేతికి అలవాటు. అట్టనూ అట్లాగే పట్టాను. గుండె మాయమైంది.

"అయ్యో మేడం, ఆగిపాయె! నా చేతులనే పాయె!"

"ఏం గాలే అక్కా, జర ఆగు! నీ వేలు నల్లగీత మీద వడ్డది. గీత మొత్తం కనవడితేనే కెమెరాకు ఎర్కైతది. తియ్యి."

తీశాను. మళ్లీ కొట్టుకుంది. మేడం తెర మీద వేలు పెట్టింది. "గిక్కడ లోపల నడుమ గోడ ఉంటది. మన మమతకు గా గోడకే బొక్క. దాన్ని మూస్తరు."

"మూసేటప్పుడు గుండెను ఆపుతరంట గద?"

"ఆపుతరు. మూసేదాంక రక్తాన్ని మిషిన్ నడిపిస్తది. మల్ల కొట్టిస్తరు."

"కొట్టకుంటే?"

మేడం తెర మీంచి వేలు తీసి నా వైపు తిరిగింది. "గట్ల శాన తక్కువ మందికైతది. కానే కాదని నేను చెప్పలేనక్కా. మూయకుంటె మాత్రం పిల్ల రోజురోజుకు అలసిపోతది."

అబద్ధం చెప్పని ఆ మాటే నన్ను పట్టి నిలబెట్టింది. వేలు గీత మీద పెట్టాను, గుండె పోయింది. తీశాను, వచ్చింది. అట్లా ఎంతసేపు చేశానో తెలియదు. మేడం తుమ్ముకుంటూ నా పక్కనే కూర్చుంది.

"ఇగ అట్ట అరిగిపోతదక్కా" అంది చివరికి.

"సోమారం దవాఖానకు పోతం మేడం" అన్నాను.

మమత ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మేడం బదిలీ మీద ఎప్పుడో వెళ్లిపోయింది. మా వాడలో ఎవరికి ఆపరేషన్ అన్నా నన్ను తోడు రమ్మంటారు. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. డాక్టర్ ముందు కూర్చుని ఒకటే అడుగుతాను: "సారూ, ఏం జేస్తరో జర కాయితం మీద గీసి చూపెట్టుండ్రి. మంచిది, చెడ్డది రెండూ చెప్పుండ్రి. అన్నీ ఇన్నంకనే లేస్తం."