సిద్దిరాములు బావ బానెట్ తాడు

మా సిద్దిరాములు బావ కూర్చున్న చోటి నుంచి లేవడు. లేవక తప్పని పని ఏదైనా వస్తే, ఆ పనికి ఒక తాడు కడతాడు.

సిరిసిల్లలో వాళ్లింటి నిండా తాళ్లే. వాకిలి తలుపుకు తాడు, ఆరేసిన నూలు మీద వాలే కాకుల్ని తరిమే రేకు డబ్బాకు తాడు, కుండలోని నీళ్లు పైకి రావడానికి తాడు. ఓసారి దాహమేసి నేనే ఒకటి లాగాను. ఎండుమిర్చి బుట్ట వచ్చి నెత్తి మీద పడింది.

"గది మిర్చిది. నీళ్లది పక్కది" అన్నాడు బావ, ఉన్నచోటి నుంచి కదలకుండా.

"గిన్ని తాళ్లెందుకు బావా?" అన్నాను కళ్లు నులుముకుంటూ.

"మగ్గం గుంతల కూసున్నోడు లేస్తడా? తాడు గుంజితే పోగు మోసే నాడె అటు పోతది, మల్ల గుంజితే ఇటు వస్తది. లేషి ఉరికేటోడు ఒక్క చీరె గూడ నెయ్యలేడు."

ఈ సిద్ధాంతం ఇంటి వరకే ఉంటే బాగుండేది. అరవై రెండులోనో మూడులోనో బావ మగ్గం తమ్ముడికి అప్పజెప్పి ఒక పాత పికప్పు బండి కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సరుకు. నేత సంఘం చీరెల మూటలు కరీంనగర్ చేర్చడం దాని పని, దారి పొడుగునా కాగి పొగలు కక్కడం దాని అలవాటు. కాగినప్పుడల్లా క్లీనర్ హనుమండ్లు దిగి, ముందున్న రెండు కొక్కేల్నీ రెండు చేతులా ఒక్కసారే ఒత్తి, బానెట్ లేపి నీళ్లు పోయాలి. హనుమండ్లు నలభై దాటిన మనిషి, మాట తక్కువ. కుడిచేతికి ఎప్పుడూ తువ్వాల చుట్టుకుని ఉండేవాడు. ఎందుకంటే "చెమట, తమ్మీ" అనేవాడు.

ఒకనాడు బావ కూర్చున్నచోటే పూనకం వచ్చినట్టు ఊగిపోతూ కేకేశాడు. "బామ్మర్దీ! బానెట్‌కు తాడు కడుతున్న! లోపల కూసోని గుంజితే బయట లేస్తది!"

"దిగి తెరిస్తే కాళ్లు అరుగుతయా?" అంది మా అక్క చంద్రవ్వ.

"అరుగుతయ్!"

కమ్మరి బాలమల్లు రెండు కొక్కేల్నీ ఒక ఇనుప కడ్డీతో కలిపి, కింద స్ప్రింగు పెట్టాడు. తాడు మాత్రం బావదే. మగ్గానికి వాడే నూలు తాడు, నాలుగు పేటలు పేని గంజి పెట్టింది. ఏనుగును కట్టినా తెగదని వీధి వీధంతా చాటాడు.

చూడటానికి వాడకట్టంతా పోగయింది. అప్పుడు గమనించాను, తాడు కొస బావ వైపు లేదు. ఎడమ పక్కన, క్లీనర్ కూర్చునే చోట మేకుకు బిగించి ఉంది.

"నీకు అందది గదా బావా?"

"నేనెందుకు గుంజుత? హనుమండ్లు గుంజుతడు."

తాడు లాగడానికి కూడా బద్ధకించే మనిషిని నేను అప్పుడే చూడటం. హనుమండ్లు ఎడమచేత్తో లాగాడు. ఠప్పున బానెట్ లేచింది, దాని మీద పడుకున్న కోడి ఎగిరి బాలమల్లు భుజమెక్కింది. జనం ఈలలు, కేకలు! బావకు ఆనందం పట్టలేదు. బండిలోంచి మాత్రం దిగలేదు.

"ఇగ క్లీనర్‌తోటి ఏం పని? చంద్రవ్వ కూసున్నా గుంజుతది" అన్నారెవరో. హనుమండ్లు ముఖం వాడిపోయింది.

మర్నాడు మూటలేసుకుని కరీంనగర్ బయల్దేరాం. మధ్యలో నేను. హనుమండ్లు నా చెవిలో గొణిగాడు. "తమ్మీ, తాడొచ్చిందని నన్ను తీసెయ్యొద్దని మీ బావకు జర చెప్పు. గీ పని పోతే ఇంకెవ్వరియ్యరు. మా ఇంటిది లింగవ్వకు ఏం మొఖం చూపెట్టాలె?"

చెబుదామని నోరు తెరిచాను. అంతలోనే వేములవాడ దాటాం, కుండపోత వాన. ఎవరూ తాడు ముట్టలేదు, ఠప్! బానెట్ తనంతట తానే లేచి అద్దానికి అడ్డంగా నిలబడింది. బావ బ్రేకు తొక్కి నెత్తి కొట్టుకున్నాడు.

"పుట్టినకాంచి నూలు పట్టినోన్ని! తడిస్తే కుంచుకపోతదని యాది మరిసిన!"

హనుమండ్లు దూకి కడ్డీ దగ్గర తాడు ముడి విప్పబోయాడు. నానిన ముడి ఎడమచేతికి లొంగలేదు. పళ్లతో పట్టి గుంజుతుంటే తువ్వాల జారింది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలే ఉన్నాయి.

అప్పుడు జరిగింది చెబితే సిరిసిల్లలో ఈనాటికీ నమ్మరు. మా బావ లేచాడు! లేచి, దూకి, బురదలో పరుగెత్తాడు. తువ్వాల తీసి, చేతి వంక చూడకుండా హనుమండ్లు భుజాన వేశాడు.

"సుట్టుకో. చెమటకు మంచిగుంటది. నువ్వు పోయి లోపల కూసో, గుంజుడు నీ పని, ముడి నాది."

వానలో చెమటేంటని అడగబోయాను. బావ నా కాలు తొక్కాడు.

ముడి విప్పుతూ మెల్లగా అన్నాడు. "ఎన్నడో ఆదిలాబాద్‌ల పత్తి మిషిన్ల పడ్డదట చెయ్యి. గా రెండు కొక్కేలు ఒక్కపారి ఒత్తరాక మోచేతితోటి ఒత్తుతుండె. మోచెయ్యి కాలి బొబ్బలొచ్చినయ్. మనిషి దాసుకున్నదాన్ని మనం ఇప్పొద్దుర."

"గందుకా తాడు? మరి కాళ్లు అరుగుతయంటివి?"

"బద్ధకమంటే ఎవ్వలు మల్ల అడుగరు."

నాకు నవ్వూ వచ్చింది, బావను అక్కడే కావలించుకోవాలనీ అనిపించింది. బురదలో ఉన్నాడని ఊరుకున్నాను.

కరీంనగర్‌లో మూటలు దించగానే సైకిల్ షాపులో బ్రేకు తీగ కొని తాడు బదులు బిగించారు. తిరుగు దారిలో బండి మామూలుగానే కాగింది. హనుమండ్లు ఎడమచేత్తో ఒక్క గుంజు గుంజాడు, బానెట్ లేచింది. దిగి, ఒంటిచేత్తో నీళ్లు పోసి వచ్చి దర్జాగా కూర్చున్నాడు. నా వైపు వంగి గుసగుసలాడాడు.

"నా పనికి ఫికర్ లేదు తమ్మీ. మీ బావ అసుంటి బద్ధకపోన్ని నేను యాడ సూడలే. నేను లేకుంటే గీ బండి ఒక్కనాడు నడువది!"

బావ విన్నాడు. పెద్దగా ఆవులించి, ఒళ్లు విరుచుకున్నాడు.

"హనుమండ్లూ, గా కిటికీ అద్దం జర దించరాదు. చెయ్యి లేస్తలేదు."