కమిటీలో చంద్రభాగ

మరాఠీ ఊళ్లో తెలుగువాళ్ల పేట అయిన నీలం నగర్‌లో ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్న చంద్రభాగకు ఆ వారమంతా కుదురు లేదు. చాట ముందేసుకుని నాలుగు ఆకులు కత్తిరించేది, లేచి గుమ్మం దాకా పోయేది, మళ్లీ వచ్చి కూర్చునేది.

మరమగ్గాల సేట్లు నడిపే ట్రస్టు ఏటా దసరాకు మంచి పనులు చేసేవాళ్లకు సాయం ఇస్తుంది. ఆ ఏడు మొదటిసారి, ఎవరికివ్వాలో తేల్చే కమిటీలోకి ఒక బీడీ కార్మికురాలిని, చంద్రభాగను తీసుకున్నారు. ట్రస్టు పెద్ద రాఘవేంద్ర సేట్ ఆమె చేతికి రెండు దరఖాస్తులిచ్చాడు.

"పొయి చూసిరా అక్కా. రెండిట్ల ఒక్కదానికే ఇయ్యగలం."

ఒకటి పక్కింటి శకుంతల నడిపే కుట్టు తరగతిది. రెండోది అక్కల్‌కోట్ అవతల ఊళ్లో చెవిటి పిల్లల మరాఠీ బడిది.

చంద్రభాగ పెనిమిటి దవాఖానలో ఉన్న నెలంతా శకుంతల తన బీడీలతోపాటు ఆమె వాటా కూడా చుట్టి పెట్టింది. అది చంద్రభాగ మరువలేదు. అయితే తరగతికి మూడుసార్లు పోతే మూడుసార్లూ తాళమే. కిటికీలోంచి చూస్తే మిషన్ల మీద దుమ్ము.

"నేర్పే పిల్ల పెండ్లయి పుణె పోయింది వదినా," అంది శకుంతల. "పైసలొస్తే మళ్ల షురూ చేస్త. నడుస్తుందని చెప్పు, బస్."

చెవిటి పిల్లల బడికి పోయిననాడు అక్కడి శీతల్ టీచర్ ఒక పాపను పిలిచింది. పాప వచ్చి చంద్రభాగ గొంతు మీద అరచెయ్యి పెట్టింది.

"ఏమన్నా మాట్లాడు మావశీ," అంది టీచర్ మరాఠీలో, పిన్నిని పిలిచినట్టు.

 చంద్రభాగ తన పేరు చెప్పింది. పాప ఆ అదురు పట్టుకుని, పెదాలు చూసి, "చం... ద..." అంది.

అశోక్ చౌక్‌లో కమిటీ కూర్చున్ననాడు చంద్రభాగ రెండు దరఖాస్తులూ బల్ల మీద పెట్టింది.

"శకుంతల తరగతి తాళమేసుంది సేట్. బడి నడుస్తుంది."

"మనోళ్లను ఇడిసి బయటోళ్లకా?" అన్నాడొక సేట్.

"మనోళ్లది తెరిసి లేదు కదా."

సాయం బడికి పోయింది. ఆ సాయంత్రమే శకుంతల గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీకోసం చుట్టిన బీడీలు మర్శిపోయినవా?"

"మర్వలే. అందుకే మూడుసార్లు పోయిన."

శకుంతల విసురుగా వెళ్లిపోయింది. మాటలు బంద్.

చంద్రభాగకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. బీడీలు అప్పజెప్పి వచ్చేటప్పుడల్లా కుట్టు నేర్పేవాళ్లెవరన్నా ఉన్నారా అని దుకాణం దుకాణం తిరిగి అడిగింది. చివరికి కొంతం చౌక్‌లో జాకెట్లు కుట్టే కోమల్ వారానికి మూడు మధ్యాహ్నాలు నేర్పడానికి ఒప్పుకుంది. చంద్రభాగ ఆమెను వెంటబెట్టుకుని పోయి శకుంతల ఇంటి తలుపు కొట్టింది. శకుంతల చంద్రభాగ వైపు చూడలేదు. తరగతి తాళంచెవి తెచ్చి కోమల్ చేతిలో పెట్టింది.

ఇప్పుడు తొమ్మిదిమంది ఆడవాళ్లు కుట్టు నేర్చుకుంటున్నారు. వచ్చే దసరా సాయానికి శకుంతల మళ్లీ దరఖాస్తు పెట్టింది. చంద్రభాగతో ఇంకా మాట్లాడటం లేదు.

"ఈసారి చూసి వచ్చేటందుకు ఇంకెవలనన్నా పంపు సేట్. ఆ తరగతిల నా చెయ్యి కూడ ఉంది," అని చంద్రభాగ ముందే చెప్పేసింది.