ఎడమ సంచిలో రాయి

కొండ మీదికి సామాన్లు మోసే కంచరగాడిదను తోలే అతణ్ణి అందరూ తక్కెడ అనేవారు. రెండు సంచులూ చెరో చేత్తో ఎత్తి, ఏ వైపు ఎంత ఎక్కువో ఇట్టే చెప్పేవాడు. పరీక్షిద్దామని ఓసారి కుడి సంచిలోకి ఈగను వదిలాను. "అయ్యా, ఆ ఈగను తీసెయ్యండి" అన్నాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

అంతటివాడి గాడిద, సామాన్లతో నేను కొండెక్కిన ప్రతిసారీ టీకొట్టు మలుపులోనే మొరాయించేది. అక్కడికొచ్చేసరికి జీను ఎడమకి ఒరిగేది. అది నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడిపోయేది. బెల్లం పెట్టినా, బతిమాలినా కదిలేది కాదు. చూపుతోనే నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టే మా కాన్వెంటు బడి సిస్టరు వచ్చినా లాభం ఉండేది కాదు.

"మొండిదండీ" అంటూ తక్కెడ తాళ్లన్నీ విప్పి మళ్లీ కట్టేవాడు. పావుగంట పనికి ముప్పావుగంట. చూపంతా కొట్టు వైపే.

కొట్టు అతని అత్తగారిది. పొయ్యి దగ్గర ఉన్నది అతని భార్య. "ఆ గాడిదతో చెప్పే కబుర్లలో సగమైనా నాతో చెప్పావా?" అని అడిగి పుట్టింటికొచ్చేసింది. నాలుగు నెలలైంది. రమ్మనడానికి ఇతనికి నోరు పెగలదు.

ఒకరోజు ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చింది. ఎడమ సంచిలో చెయ్యి పెట్టి గుండ్రాయి బయటికి తీసింది.

"రోజూ దీన్నెందుకు మోయిస్తావ్? పాపం, నోరులేనిది."

"నాకూ లేదుగా" అన్నాడు, నేల చూస్తూ.

ఆమె రాయిని మళ్లీ అక్కడే పడేసింది. లోపలికెళ్లి ఒక మూట తెచ్చి కుడి సంచిలో పెట్టింది.

"ఇప్పుడు సరిపోయింది. కదులు."

గాడిద వెంటనే కదిలింది. తక్కెడ మలుపు దాటేదాకా వెనక్కి చూస్తూనే నడిచాడు. "ఇక అక్కడ ఆగదండీ ఇది" అన్నాడు దిగులుగా.

పైకెళ్లాక తక్కెడ మూట విప్పితే మూతగిన్నె నిండా అన్నం, కూర. తినకుండా గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిన్నె తిరిగివ్వాలి కదండీ" అన్నాడు చివరికి.

"ఇవ్వకపోతే ఊరుకుంటుందా?" అన్నాను.

రాయిని కొండమీదే వదిలేశాడు. దిగుతున్నంతసేపూ గాడిద చెవిలో "ఇంటికెళ్దాం రావే" అని సాధన చేశాడు. మలుపులో గాడిద ఆగలేదు, తక్కెడ ఆగాడు. దాన్ని పట్టుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది, అతనేమన్నాడో వినలేదు. వెనక్కి తిరిగి చూస్తే, గిన్నెకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. ఇద్దరూ వదలడం లేదు.