పుష్పవల్లి డైలాగు

సినిమాల్లో హీరో హోటల్లో కాఫీ తాగుతుంటే, వెనక బల్ల దగ్గర ఒకావిడ ఎవరితోనో తెగ మాట్లాడుతూ ఉంటుంది. చాలాసార్లు ఆవిడ మన పుష్పవల్లే. పెదవులు కదలాలి, చేతులు ఊగాలి, గొంతు మాత్రం పైకి రాకూడదు. వస్తే హీరోగారి మాట పాడవుతుంది. భీమవరం నుంచి కృష్ణానగర్ వచ్చిన నాటి నుంచీ ఆవిడ చేస్తున్న పని ఇదే. ఒక్కసారి డైలాగు ఇచ్చారు. డబ్బింగులో దాన్ని ఇంకెవరో చెప్పేశారు.

అందుకే గల్లీవాళ్లు నాటకం వేద్దామన్నప్పుడు ఆవిడ అడిగింది ఒకటే.

"మాటున్న వేషం ఇవ్వండి. నా గొంతే వినబడాలి."

ఆ గల్లీలో అద్దెకున్నవాళ్లు షూటింగు బస్సులో తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. నాటకం అనేసరికి పుష్పవల్లి అద్దెకున్న మేడ యజమానురాలు బాలమణి డాబా ఇచ్చింది. టైలరు తెర కుట్టాడు. టిఫిన్ సెంటరువాళ్లు కుర్చీలు మోసుకొచ్చారు. ఇచ్చినవాళ్లంతా ఆడపెళ్లివారి హడావిడితో తిరిగి, మగపెళ్లివారిలా ముందు వరసలో కూర్చున్నారు.

నాటకంలో ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమాని వేషం గల్లీలోనే ఉండే జూనియర్ ఆర్టిస్టు వీరరాఘవయ్యది. గద్దించాడు. అద్దెకున్నావిడ వేషంలో పుష్పవల్లి ముందుకొచ్చింది. కళ్లెర్రజేసింది, చెయ్యి ఊపింది, పెదవులు చక్కగా కదిపింది. చప్పుడు లేదు. చూసేవాళ్లలో సగంమంది జూనియర్ ఆర్టిస్టులే కనుక వాళ్లకి లోపమేమీ కనబడలేదు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

వీరరాఘవయ్య గొంతు తగ్గించి, "అమ్మా, మీ మాట అనండి" అన్నాడు.

"అనేశాను కదండీ!"

ఇది మాత్రం డాబా అంతా వినబడింది.

బాలమణి ముందు వరసలోంచి లేచింది. "ఏమన్నవ్? నాకైతే ఏం ఇనొస్తలేదు. గీడ కెమెరా గిమెరా ఏం లేదు పుష్పమ్మా, ఫికర్ చెయ్యకు. జర గట్టిగ చెప్పు!"

"చెప్పక్కా, తెర ఉత్తగనే కుట్టిన్నా?" అన్నాడు టైలరు.

పుష్పవల్లి మళ్లీ నోరు తెరిచింది. ముందు గాలి వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది.

"ఈ ఇంట్లోంచి నేను కదలను! ఎవడొస్తాడో రమ్మను!"

పక్క మేడవాళ్లు కిటికీలు తెరిచారు. వీరరాఘవయ్య నాటకంలో లేని ఒక అడుగు వెనక్కి వేశాడు. బాలమణి కూర్చుంటూ పక్కావిడని అడిగింది: "నాటకంలనే గదా?"

మర్నాటి నుంచి గల్లీ జనం పుష్పవల్లిని పలకరించి, జవాబు వినేదాకా ఆగుతున్నారు. పాలకి వెళ్లి రావడానికి ఆవిడకి బాగా ఆలస్యమవుతోంది.