ఎనిమిది అంగుళాల గడప

మేం ఆ ఇల్లు కొన్నది గడపను చూసి. గోడల సున్నం పెచ్చులూడుతోంది, వంటింటి నిండా పొగ మసి, పెరట్లో బావి సగం పూడిపోయి ఉంది. అవేవీ మా ఆయన కంటికి ఆనలేదు. వీధి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వంగి, టేకు గడప మీద చేయి వేసి నిమిరారు. నేల నుంచి సరిగ్గా ఎనిమిది అంగుళాల ఎత్తు. రాజపాళయంలో పాత ఇళ్ళ గడపలు కొన్ని అలాగే ఉంటాయి. కాలు బాగా ఎత్తితే గానీ దాటలేం. "ఈ ఇంట్లోకి వచ్చేటోడు కాలు ఎత్తి దా రావాల" అని, అరవం కలిసిన మా ఊరి తెలుగులో, ఆయన మురిసిపోయారు. నేను మసి గోడల వంక చూస్తూ నిలబడ్డాను. ఇల్లు చూడబోతే మగవాళ్ళకు గుమ్మం కనిపిస్తుంది, ఆడవాళ్ళకు వంటిల్లు కనిపిస్తుంది.

చైత్రం, మా చిత్తిర నెలలో పాలు పొంగించాం. హాల్లో గోడ మీద మూడు రంగులు అరచేతి వెడల్పున పూయించి పెట్టాం. లేత ఆకుపచ్చ, గోధుమ, మల్లెపువ్వు తెలుపు. "వారం దినాలు రోజూ చూసి చెప్తాను" అన్నారు ఆయన. ఆ వారం తిరగకముందే ఆయన సేత్తూరు నుంచి వస్తుంటే మోటారుబండి జారింది. దెబ్బ తిన్నది వెన్నెముక. మదురై ఆస్పత్రిలో రెండు నెలలు. నిలబడతారా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ మాట మూడుసార్లు విన్నాక నేను అడగడం మానేశాను.

శుక్రవారం పొద్దున ఇంటికి పంపిస్తామన్నారు. మా తమ్ముడు ఆయన దగ్గర ఉన్నాడు. ఇక్కడ కొత్త ఇంట్లో నేనూ మా అత్తగారూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏడవడం కంటే కోపం తెచ్చుకోవడం నాకు సులువు. ఆ కోపమంతా ఇంటి మీద పెట్టాను. ముందే తెచ్చి పెట్టుకున్న చక్రాల కుర్చీలో కూర్చుని మూడు రోజులు ఇల్లంతా తిరిగాను. కూర్చుని చూస్తే అది వేరే ఇల్లు. అద్దంలో నా నుదురు కూడా కనబడలేదు. స్విచ్చులు అందలేదు. తువ్వాలు వేసే కొక్కెం ఆకాశంలో ఉంది. అన్నిటినీ కిందికి దింపించాను. మంచం ఎత్తు పెంచించాను, స్నానాల గది తలుపు తీయించి తెర వేశాను. కిటికీలోంచి ఆయనకు ఇష్టమైన కొండలు చూడబోతే పైసగం మాత్రమే కనిపించింది. సగం కొండ చాల్లే అనుకున్నాను. ఇంత చేస్తున్నా అత్తగారు ఒక్కమాట అడ్డం రాలేదు. అడిగినప్పుడల్లా మేకులు కూడా అందించింది.

గడప మాట ఎత్తగానే ఆమె ముఖం మారిపోయింది.

నేనేదో దూకుడుగా మొదటే రంపం పట్టుకున్నానని కాదు. సోమవారం వడ్రంగి ఆసారిని పిలిపించి గడపకు అటూ ఇటూ ఏటవాలు బల్లలు వేయించాను. వీధి వైపు బాగానే ఉంది. లోపల మాత్రం నాలుగడుగుల ఇరుకు నడవ, వెంటనే మలుపు. బల్ల పొడవు పెంచడానికి చోటు లేదు. కుర్చీలో నేనే కూర్చుని, మా తమ్ముడు మదురైకి తిరిగి పోయేముందు వాణ్ణి వెనక నుంచి తోయమన్నాను. గడప నెత్తికి ఎక్కేసరికి కుర్చీ వెనక్కి ఒరిగింది. నా తల ద్వారబంధానికి కొట్టుకుంది. నాకు కాళ్ళున్నాయి కాబట్టి దూకాను. పెరటి దారి చూద్దామంటే ఆ తలుపు ఇంకా ఇరుకు, కుర్చీ పట్టలేదు. తల మీద బొప్పి తడుముకుంటూ, గడప కోయాల్సిందేనని చెప్పాను.

"కోస్తే ఇంటి మొగోడు నిలవడు" అంది అత్తగారు. "మంసాపురం ఇంట్లో మీ మామ బండి లోపల పెట్టేదానికని కోయించినాడు. ఆ ఏడు దాటలేదు. నా కండ్లతో చూసినాను."

"మామకు గుండె జబ్బు ఉండె గదా అత్తా. గడప ఏమి చేసింది?"

"నువ్వప్పుడు మా ఇంటికే రాలేదు. నీకేమి తెలుసు?" తర్వాత గొంతు తగ్గించి అంది. "నలుగురు మొగోళ్ళను పిలిస్తే అట్లే ఎత్తి లోపల పెట్టేస్తారు. కొంజం సేపు పని."

"రోజూ ఎవరు ఎత్తేది?"

"రోజూ వాడికి బయట పనేమి ఉండాది?"

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోవాలని ఇల్లు కొన్న మనిషికి బయట పనేముందట. నోటికొచ్చినదంతా అన్నాను. అందులో సగం ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమె కూడా తక్కువేమీ తినలేదు. "నా కొడుకును నువ్వు దా చంపుతావు" అంది. ఆ తర్వాత మూడు రోజులు మా ఇద్దరి మధ్య గిన్నెలు మాత్రమే చప్పుడు చేశాయి.

గురువారం సాయంత్రం ఆసారి రంపంతో వచ్చాడు. గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. గడప నిండా పచ్చగా పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు, ఇంకా తడి ఆరలేదు. మామూలుగా అత్తగారు శుక్రవారం తెల్లవారి స్నానం చేసి పూస్తుంది. ఈసారి ముందు రోజు సాయంత్రమే పూసేసింది. ఆసారి వచ్చే వేళ ఆమెకు తెలుసు. చేతులకు పసుపుతో, అరుగు మీద స్తంభానికి ఆనుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

"అక్కా, పసుపు కుంకుమ పెట్టిన గడప మీద రంపం ఎట్ల పెట్టేది? నాకూ పిల్లలు ఉండారు" అన్నాడు ఆసారి. సంచి మళ్ళీ భుజానికి వేసుకున్నాడు.

"రేపు పొద్దున ఆయన వచ్చేస్తారు. ఇప్పుడు పోతే ఎట్ల?"

"పెద్దమ్మ చెప్పనీ. అప్పుడు కోస్తాను."

పెద్దమ్మ వీధి వైపు చూస్తూ కూర్చుంది. చీకటి పడడానికి ఎంతో సేపు లేదు. అంతలో ఫోను మోగింది. ఆయన. గడప అయిందా అని అడగడానికే చేశారు. నా గొంతు విని ఏదో తేడాగా ఉందని కనిపెట్టి, అమ్మకు ఇవ్వమన్నారు. స్పీకరు పెట్టి ఆమె ఒళ్ళో ఉంచాను.

అత్తగారి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నాయనా, ఏమీ యోచన చేయొద్దు. ఎదురింటోళ్ళకు చెప్పినాను. నలుగురు వస్తారు. పువ్వు మాదిరి ఎత్తి లోపలికి తెచ్చేస్తారు."

అవతల వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"అమ్మా, నలుగురు మోసేది ఒకతూరే" అన్నారు ఆయన. "అదీ లోపలికి కాదు, బయటికి. నాకు ఇప్పుడే ఆ పని చేయొద్దు."

"అయ్యో, ఏమి మాట రా..."

"మోయించుకొని వచ్చేది అయితే నేను రాను. ఇక్కడే ఎక్కడన్నా ఉంటాను."

ఫోను పెట్టేశారు. రెండు నెలల్లో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. అంతకుముందు నేను ఏమడిగినా "సరి", "నీ ఇష్టం" అనేవారు. నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది. అన్నంత పనీ చేస్తారు.

అత్తగారు ఫోను పక్కన పెట్టింది. సరే అనలేదు, వద్దనీ అనలేదు. లేచి, ఆ ఎత్తైన గడప మీద పాదం తగలకుండా దాటి, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆసారి నా వంక చూశాడు. నేను బావి దగ్గర నుంచి బకెట్టు నీళ్ళు తెచ్చి గడప మీద పోశాను. కొబ్బరి పీచుతో రుద్దాను. పసుపు అంత తొందరగా పోయేది కాదు, టేకు రేఖల్లోకి దిగిపోయింది. గోళ్ళతో గీకాను. అప్పుడు నాకూ భయం వేసింది. ఇది దాచుకోను. సైన్సు చదువుకున్నదాన్ని, బళ్ళో పిల్లలకు అదే చెప్తాను. అయినా ఆ కుంకుమ బొట్లు ఒక్కొక్కటీ నా చేత్తో చెరిపే ముందు అత్తగారి గది తలుపు వంక చూశాను. ఆమె చెప్పిందే నిజమైతే?

"మొదటి కోత నువ్వు పెట్టు అక్కా" అన్నాడు ఆసారి. "పాపం వస్తే సగం సగం."

రంపం తీసుకుని లాగాను. మొదటిసారి పట్టలేదు. రెండోసారి పళ్ళు దిగాయి, ఎర్రటి పొట్టు రాలింది. నాలుగు లాగులు లాగి అతని చేతికిచ్చాను. గంటన్నర పట్టింది. లోపలి గదిలోంచి చప్పుడే లేదు. కోత పూర్తయ్యాక ద్వారబంధం రెండు నిలువు కమ్మీలూ కదలకుండా నేలలో ఇనుప పట్టీలు బిగించాడు. లోపలి బల్ల తీసేసి, వీధి బల్లను గుమ్మం నేలకు సరిపడా దించాడు. తలుపు కింద ఎనిమిది అంగుళాల సందు మిగిలింది. దానికి చెక్క ముక్క తర్వాత వేస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ సందుకు బియ్యం మూట అడ్డం పెట్టి పడుకున్నాను. కోసిన గడప నడవలో గోడవార ఉంది. పొద్దున లేచి చూస్తే లేదు. అత్తగారి మంచం పక్కన, ఆమె దుప్పటి కప్పి ఉంది.

పొద్దున తొమ్మిదికి కారు వచ్చింది. నేను పరుగెత్తుకుంటూ గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాను. గడప ఉండిన చోట, నేల మీద, ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీ దాకా జానెడు వెడల్పున తడి ఆరని పసుపు పూసి ఉంది. మీద కుంకుమ బొట్లు. ఎప్పుడు పూసిందో. అత్తగారు నడవలో, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి.

మా తమ్ముడు ఆయన్ని కుర్చీలోకి దింపాడు. వెనక నుంచి తోయబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు. బాగా చిక్కిపోయారు. చక్రాలు తామే తిప్పుకుంటూ బల్ల ఎక్కారు. గుమ్మం దగ్గర ఆగి, కిందికి చూశారు. ఆయనకు అంత ఇష్టమైన గడప అక్కడ లేదు. ద్వారబంధం మీద ఒకసారి చేయి వేసి, తీసి, రెండు చక్రాలనూ గట్టిగా ముందుకు తిప్పారు.

కుర్చీ కుదుపు లేకుండా లోపలికి వచ్చేసింది. నడవ మలుపు తిరిగి, హాలు దాటి, కిటికీ దాకా పోయి ఆగింది. చక్రాల వెంట నేల మీద రెండు పసుపు గీతలు పడ్డాయి, వీధి గుమ్మం నుంచి కిటికీ వరకూ.

నా అలవాటు కొద్దీ తడిగుడ్డ తెచ్చి వంగాను. అత్తగారు వచ్చి నా చేయి పట్టుకుంది. సోమవారం గొడవ తర్వాత ఆమె నాతో మాట్లాడింది అప్పుడే.

"తుడవొద్దు" అంది. "వాడు లోపలికి వచ్చినాడు."